పసిఫిక్ సముద్రానికి బొట్టు

అరోరా మీనాక్షమ్మ పసిఫిక్ మహాసముద్రానికి బొట్టు పెట్టింది. పెట్టగానే సముద్రం కొత్త పెళ్ళికూతురిలా సిగ్గుపడి, కాలిఫోర్నియా ఒడ్డు నుంచి జపాను ఒడ్డు దాకా ఎర్రబడి, పావుగంటసేపు అలలు లేపడం మానేసింది. ఈదుతున్నవాళ్ళంతా నీళ్ళమీద నడిచి బయటికొచ్చారు. సొరచేపలు కాపరాలు ఎత్తేసి వలసపోయాయి. ప్రభుత్వం హెలికాప్టరు పంపింది. అది ఆవిడ నెత్తిన మూడు చుట్లు తిరిగి, ఆవిడ భరిణె పట్టుకుని తలెత్తి చూసేసరికి తనకీ ఎక్కడ బొట్టు పెట్టేస్తుందోనని హడలిపోయి వెనక్కి మళ్ళింది.

ఈ కథ చెప్పేది ఆవిడ సొంత తమ్ముడు విశ్వనాథం. బెంటన్‌విల్ నుంచి షామ్‌బర్గ్ దాకా ఏ తెలుగింట్లో తలో వంటకం తెచ్చుకుని తినే పోట్లక్ జరిగినా, బిర్యానీ ట్రే అడుగంటే వేళకి ఈ కథ మొదలవుతుంది. కోతలు కోయడం తప్పని ఎవరన్నారు? అదొక విద్య. దానికి హాజరు పట్టీ లేదు, పరీక్ష లేదు, చదువు మధ్యలో మానేసినవాడికి మరీ బాగా అబ్బుతుంది. అయితే కోతల్లో రెండు జాతులున్నాయి. ఒకటి, ఉన్న నిజానికి పూలదండ వేసేది. రెండోది, ఉన్న నిజం మీద దుప్పటి కప్పేది. విశ్వనాథం కోత రెండో జాతి. ఆ దుప్పటి కింద ఏముందో తెలియాలంటే ముందు మీనాక్షి ఎలాంటి మనిషో తెలియాలి.

మీనాక్షి అమెరికాలో అరోరా అనే ఊళ్ళో ఒక ఎలిమెంటరీ స్కూల్ వంటగదిలో పనిచేస్తుంది. తలకి వల టోపీ, చేతులకి ప్లాస్టిక్ తొడుగులు, ముందు వేడి వేడి బంగాళాదుంప ముక్కల ట్రే. పిల్లలు ‘మిస్ మీనా’ అంటారు. ఎవడికి జున్ను పడదో, ఎవడు క్యారెట్లు జేబులో దాచి చెత్తబుట్టలో పడేస్తాడో ఆవిడకి తెలుసు. ఇంగ్లీషు వంటగది ఇంగ్లీషే, పని జరిగేటంత వస్తుంది. భర్త వీరభద్రరావుకి మోకాళ్ళు చెడ్డాయి. ఆయన ఇల్లు దాటడానికి అదొక సాకు, దాటకపోవడానికి కూడా అదే సాకు.

మీనాక్షికి ఉన్న జబ్బల్లా చుట్టరికం కలపడం. బస్సు కోసం ఆవిడ పక్కన నిలబడినవాడు బస్సు వచ్చేలోపు అన్నయ్య అయిపోతాడు. కలిపిన చుట్టరికాలకే ఇంత విలువ ఇచ్చే మనిషి, పుట్టిన చుట్టరికానికి ఎంత ఇస్తుందో వేరే చెప్పాలా? విశ్వనాథం మాస్టర్స్ చదవడానికి వచ్చి అక్క అపార్ట్‌మెంట్ హాల్లో పరుపు వేసుకున్న రోజుల్లో, ఆవిడ అతన్ని వెంట తిప్పుకుని ఊరందరికీ చూపించింది. కిరాణా కొట్టు క్యాషియరుకి, ఉత్తరాలు తెచ్చే ఆవిడకి, మంచు తోసే బండి ఆపించి దాని డ్రైవరుకి. ‘మై బ్రదర్. ఇంజనీర్’ అనేది. తర్వాత ఒక సెమిస్టరు తన్నేసింది. ఇంకో ఏడు ప్రాజెక్టు పోయి నెలల తరబడి ఆ హాల్లోనే పడుకుని అక్క పెట్టింది తిన్నాడు. అప్పుడూ కొత్తవాళ్ళు కనపడితే అదే మాట, అదే గొంతు. ‘మై బ్రదర్. ఇంజనీర్.’ అతను కారు సీట్లో కిందికి జారిపోయేవాడు.

ఇప్పుడతనికి నలభై అయిదు దాటాయి. బెంటన్‌విల్‌లో కాంట్రాక్టరు. ఉద్యోగం కాంట్రాక్టు, ఇల్లు లీజు, మేనేజరు జోకుకి నవ్వే నవ్వు కూడా ఎప్పటికప్పుడు రెన్యూ చేయించుకోవలసిందే. ఇన్నేళ్ళలో అతని మనసులో మిగిలిన కోరిక చాలా చిన్నది. ఎక్కడో ఒకచోట, ఎవరో ఒక తెల్లాయన తనని చూసి ‘మీదే దేశం’ అని అడక్కుండా, పక్కింటివాడితో మాట్లాడినట్టు మాట్లాడాలి. అంతే. నవ్వొస్తే నవ్వుకోండి. ఆ కోరిక ఎంత చిన్నదో దాని ఆకలి అంత పెద్దది.

కాలిఫోర్నియా ప్రయాణం పెట్టింది విశ్వనాథం కూతురు వేద. పదహారేళ్ళ పిల్ల. మీనాక్షి కిందటి చలికాలం తన మోకాళ్ళకి మంచిదని డాక్టరంటే ఊరి పార్క్ డిస్ట్రిక్ట్ పూల్‌లో చేరి, పెద్దవాళ్ళ క్లాసులో ఈత నేర్చుకుంది. వెల్లకిలా తేలుతున్న వీడియో మేనకోడలికి పంపింది. ఆ పిల్ల ఊరుకోకుండా చానెల్ ఐలాండ్స్ నేషనల్ పార్క్‌లో స్నార్కెలింగ్ బుక్ చేసేసింది. మొహానికి అద్దం, నోట్లో గొట్టం పెట్టుకుని, చన్నీళ్ళమీద బోర్లా తేలుతూ అడుగున ఏముందో చూడటం. విశ్వనాథం భార్య గీతాంజలికి ఆఫీసులో సెలవు దొరకలేదు. కాబట్టి తండ్రీ, కూతురూ, మేనత్తా బయల్దేరారు.

విశ్వనాథం ఈ ప్రయాణానికి సొంత మాస్క్, కాళ్ళకి రెక్కల్లా తొడుక్కునే సొంత ఫిన్స్ కొన్నాడు. నెల రోజులు బాత్‌టబ్‌లో నీళ్ళు నింపి, మొహం ముంచి, గొట్టంలోంచి బుస కొడుతూ సాధన చేశాడు. మీనాక్షి తెచ్చుకున్నవి చిన్న రైస్ కుక్కరు, పోపుల డబ్బా, ఎండు ఉసిరి ముక్కల సీసా, స్టీలు కుంకుమ భరిణె. పొగ అలారం మోగకుండా మోటెల్ గదిలో ఇంగువ పోపు పెట్టిన మొట్టమొదటి మనిషి ఆవిడే. వేద మంచమెక్కి అలారం కింద తువ్వాలు ఊపుతుంటే, తెల్లవారకముందే పులిహోర కలిపేసింది.

వెంచూరా రేవులో పడవెక్కారు. దీవికి గంట దూరం. అక్కడ కొట్టు లేదు, తిండి దొరకదు, ఎవరి మూట వాళ్ళు మోసుకుపోవాలని టికెట్టు మీదే రాశారు. అమెరికాలో తనకి నచ్చిన మొదటి రూలు ఇదేనని మీనాక్షి చెప్పింది.

విశ్వనాథం పడవ ముందుకెళ్ళి రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డాడు. పక్కకి ఒక పెద్దాయన వచ్చాడు. గ్లెన్ ఆయన పేరు, రిటైరైన జియాలజిస్టు. ఆయన మీదే దేశమని అడగలేదు. చేతిలో ఫిన్స్ చూసి, ఇదివరకు ఇక్కడ దిగారా అన్నాడు. ఇక్కడ కాదు, హవాయిలో, అన్నాడు విశ్వనాథం. హవాయిని అతను క్యాలెండర్లో చూశాడు. ఆయన అదీ ఇదీ అని ఆ దీవుల సంగతులు చెప్పుకుపోయాడు. మధ్యలో డాల్ఫిన్లు వస్తే భుజం తట్టి చూపించాడు. ఆ తట్టిన చోటు విశ్వనాథానికి చాలాసేపు వెచ్చగా ఉంది.

కింద సంగతి వేరు. సముద్రం కాస్త పోటుమీదుండి జనం సంచుల్లోకి కక్కుకుంటున్నారు. మీనాక్షి సీటు సీటుకీ తిరిగి అందరి నోట్లో తలో ఉసిరి ముక్కా పెడుతోంది. వేద పైకొచ్చి, “నాన్నా, అత్త పిలుస్తుంది. కిందకి రా” అంది. వస్తా పద అన్నాడు, వెళ్ళలేదు. మీ అమ్మాయా, ఇద్దరే వచ్చారా, అని గ్లెన్ అడిగాడు. అవునన్నాడు. అబద్ధం ఆడాలని కాదు. ఇద్దరే అంటే మాట అక్కడితో అయిపోతుంది, ముగ్గురంటే మూడో మనిషిని చూపించాలి. ఇంతలో కింద నుంచి పులిహోర వాసన గాలిమీద తేలి వచ్చింది. ఏమిటో బ్రహ్మాండంగా ఉంది, ఏమిటది, అన్నాడు గ్లెన్. ఏమో, అన్నాడు విశ్వనాథం. పాలతోపాటు ఇంగువ మరిగి పెరిగినవాడు ఇంగువని ఎరగనన్నాడు.

దీవి దగ్గరపడేకొద్దీ కొండలు మీదికి వచ్చాయి. నల్లటి, ఎర్రటి రాయి నిలువునా కోసినట్టు నీళ్ళలోకి దిగింది. అడుగున గుహలు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. అల లోపలికి వెళ్ళి ఏదో బరువైనది నేలకి కొట్టినట్టు శబ్దం చేసి వెనక్కొస్తోంది. గ్లెన్ చెయ్యి చాపి, ఇందులో చాలా భాగం ఒకప్పుడు అగ్నిపర్వతం కక్కిన రాయనీ, ఆ తర్వాత ఈ నేలముక్క మొత్తం తలుపు తిరిగినట్టు తిరిగి, మొదట చూస్తున్న వైపు కాక మరో వైపు చూస్తూ నిలబడిందనీ చెప్పాడు. అంత నేల మొహం తిప్పుకున్నా ఎవరికీ చప్పుడు వినపడలేదట, అంత మెల్లిగా జరిగిందట.

రేవులో దిగాక పార్కువాళ్ళు నాలుగు మాటలు చెప్పారు. ఇక్కడి నక్కలు పిల్లులంత ఉంటాయి, సిగ్గెరగవు. కాకులు సంచీ జిప్పులు తీస్తాయి. తిండి ఇనప పెట్టెల్లో పెట్టి గడియ వేయాలి. నీళ్ళలోంచి ఏదీ తియ్యకూడదు, నీళ్ళలో ఏదీ వెయ్యకూడదు. ఆ చివరి మాట వచ్చేసరికి మీనాక్షి పులిహోర డబ్బా పెట్టెలో సర్దుతోంది.

గైడు క్లోయీ అనే అమ్మాయి. కాలేజీ వయసు, ముక్కు మీద ఎండదెబ్బ. అందరికీ వెట్‌సూట్లు ఇచ్చింది. మందపాటి రబ్బరు చొక్కా పంట్లాము కలిసిపోయిన తొడుగు, చేతులకీ కాళ్ళకీ రబ్బరు తొడుగులు, చెవులు కప్పేసే రబ్బరు టోపీ. మీనాక్షిని అందులోకి ఎక్కించడానికి వేద, క్లోయీ, పడవలో ఉసిరి తిన్న ఇద్దరు జర్మన్లు పట్టారు. ఒకరు లాగితే ఒకరు తోశారు. తాళిబొట్టు లోపలికి పోయి గుచ్చుకుంటోందని ఆవిడ, గుచ్చుకుంటోందని చెబుతూనే పడీ పడీ నవ్వుతూ ఆవిడ. “ఒరే విస్సూ, చూడరా, పిండిసంచీలో నన్ను కూరుతున్నారు” అని కేకేసింది. విస్సు అనే విశ్వనాథం గ్లెన్‌తో కలిసి కొండరాయిలో చారలు చూస్తున్నాడు. తల తిప్పలేదు.

ఇద్దరిద్దరు జంటగా ఉండాలి, ఒకరినొకరు వదలకూడదు అని క్లోయీ చెప్పింది. మీనాక్షితో వేద. విశ్వనాథంతో గ్లెన్, ఆయనే అడిగాడు.

నీళ్ళు మొదట మెడ వెనక దూరాయి. అబ్బ అనే మాట కూడా గడ్డకట్టేటంత చలి. తర్వాత మొహం ముంచాడు. అంతే, బాత్‌టబ్ సాధన, హవాయి అబద్ధం, బెంటన్‌విల్, అన్నీ ఎక్కడికో పోయాయి. అడుగు నుంచి తాటిచెట్లంత పొడుగు నాచు లేచి నిలబడి ఉంది. అదొక అడవి. గాలికి కాక నీటికి ఊగే అడవి. ఆకుల సందుల్లోంచి ఎండ పసుపు పచ్చని వాసాల్లా దిగుతోంది. మధ్యలో నారింజ పండులా రంగు పండిన చేప ఒకటి వచ్చి, అద్దానికి ఎదురుగా నిలబడి, ‘ఎవడ్రా నువ్వు’ అన్నట్టు చూసింది. విశ్వనాథానికి నవ్వొచ్చి గొట్టంలోకి ఉప్పునీళ్ళు వచ్చాయి. అక్కకి చూపించాలి అనుకున్నాడు. అనుకున్న మాట నిజం. ఆ రోజు అతని ఖాతాలో ఉన్న మంచి ఆ ఒక్క తలపే.

అప్పుడు ఈల వినపడింది. తల ఎత్తేసరికి క్లోయీ రెండు చేతులూ ఊపుతూ అందర్నీ బయటికి రమ్మంటోంది. ఎవరో సొరచేప అన్నారు. ఇంకెవరో రక్తం అన్నారు. పదిహేనుమంది బాతుల్లా ఫిన్స్ తపతపలాడిస్తూ గులకరాళ్ళ మీదికి పడ్డారు. ఒక చిన్నపిల్ల ఏడుపు ఎత్తుకుంది.

ఒడ్డుకి దగ్గర్లో, నడుం లోతు నీళ్ళలో, నల్ల రబ్బరు టోపీలో గుండ్రటి మొహంతో మీనాక్షి నిలబడి ఉంది. ఆవిడ చుట్టూ నీళ్ళు ఎర్రగా ఉన్నాయి.

కొత్త నీళ్ళలో దిగేటప్పుడు గంగమ్మకి పసుపో కుంకుమో ఇవ్వకుండా దిగకూడదు. గోదావరి పుష్కరాల్లో ఇచ్చింది, మిషిగన్ సరస్సులో ఇచ్చింది, పార్క్ డిస్ట్రిక్ట్ పూల్‌లో కూడా వేలి కొనతో అంటీ అంటనట్టు ఇచ్చింది. ఎవరూ ఏమనలేదు. ఇక్కడ మేనకోడల్ని, నువ్వు పద, దణ్ణం పెట్టుకుని వస్తాను అని ముందుకి పంపి, చేతొడుగు తీసి, వెట్‌సూట్ చెయ్యిలో దాచిన భరిణె బయటికి తీసింది. అందులో ఉన్నది అరోరా గుడి కుంకుమ, మందారం కంటే ఎర్రన.

క్లోయీ పరుగున నీళ్ళలోకి వెళ్ళి ఆవిడ చేతులు తిప్పి చూసింది, కాళ్ళు తడిమింది. ఎక్కడ తెగింది, ఎక్కడ తెగింది, అని అడుగుతోంది. “నో బ్లడ్. కుంకం. ఫర్ గంగా. గాడ్” అని మీనాక్షి నవ్వుతూ భరిణె చూపించింది. క్లోయీకి అర్థం కాలేదు. జంటగా ఉండాల్సిన వేద ఇంకా ఒడ్డు చేరలేదు. ఒడ్డు వైపు చూసింది. ఒడ్డు మీద అందరూ తెల్లగా ఉన్నారు, ఒక్క మనిషి తప్ప. ఆ పిల్ల తప్పేమీ లేదు, ఎవరైనా అటే చూస్తారు.

“ఈజ్ షీ విత్ యూ?”

పదిహేనుమంది మొహాలు విశ్వనాథం వైపు తిరిగాయి. అందులో గ్లెన్ మొహం కూడా ఉంది. నీళ్ళు కారుతూ, ఆసక్తిగా, స్నేహంగా.

“నో. ఐ డోంట్ నో హర్.”

ఆ మాట అతను అనలేదు, అతని నోరు అనేసింది. అనేశాక నోరూ అతనిదే, మాటా అతనిదే. వెనక్కి తీసుకునేంత వ్యవధి ఉంది. క్లోయీ, పోనీ ఆవిడ భాష వచ్చా, కొంచెం అడిగి పెడతారా, అంది. దేవుడు ఇంకో తలుపు తెరిచి పెట్టాడు. విశ్వనాథం దాన్నీ తన చేత్తోనే మూసుకున్నాడు. ఇండియాలో చాలా భాషలుంటాయి, అన్నాడు.

అప్పటికి వేద రాళ్ళమీద తడబడుతూ వచ్చేసింది. తండ్రిని దాటుకుని నీళ్ళలోకి వెళ్తూ, “నాన్నా, అత్తకి దెబ్బ తగిలిందా? నువ్వేంటి ఇక్కడ నిలబడ్డావు?” అంది. తర్వాత క్లోయీతో ఇంగ్లీషులో, ఆవిడ మా నాన్న అక్కయ్య అనీ, అది రక్తం కాదు పూజ పొడి అనీ చెప్పింది. మా నాన్న అన్నప్పుడు చెయ్యి చాపి చూపించింది.

క్లోయీ విశ్వనాథం వైపు ఒక్కసారి చూసింది.   గ్లెన్ వంగి కాలి ఫిన్ పట్టీ సవరించుకోవడం మొదలెట్టాడు. ఆ పట్టీ అంతకుముందే బిగించి ఉంది.

ఇది రక్షిత సముద్రం, నీళ్ళలో ఏదీ వెయ్యకూడదు, పొద్దునే చెప్పాం కదా, అని క్లోయీ మీనాక్షికి నెమ్మదిగానే చెప్పింది. మీనాక్షి నవ్వు ఆగిపోయింది. సారీ, సారీ అంటూ రెండు చేతులూ దోసిలి చేసి ఆ ఎర్రటి నీళ్ళు ఎత్తడం మొదలెట్టింది. భరిణెలోకి పోస్తోంది. అది వేళ్ళ సందుల్లోంచి కారిపోతోంది. మళ్ళీ ఎత్తుతోంది. చుట్టూ సముద్రం, ఆవిడ చేతిలో అరచేతిలో సగం పట్టే భరిణె. వేద ఆవిడ మణికట్టు పట్టుకుని చాలత్తా, చాలు అనేదాకా ఎత్తుతూనే ఉంది. విశ్వనాథం అప్పుడైనా వెళ్ళి ఉండవచ్చు. నాలుగడుగులు. నిలబడ్డాడు. ముందు కాదన్నవాడు తర్వాత ఏ మొహంతో వెళ్తాడు? సిగ్గు మనిషిని దగ్గరికి తోస్తుందంటారు గానీ, అతన్ని మాత్రం గులకరాళ్ళలో పాతేసింది.

కాసేపటికి అందరూ మళ్ళీ దిగారు. మీనాక్షి దిగనంటే క్లోయీయే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. గ్లెన్, నేను ఆ జర్మన్లతో కలుస్తాను, మీరేమీ అనుకోకండి, అని ఎంతో మర్యాదగా చెప్పి వెళ్ళాడు. విశ్వనాథం సొంత మాస్క్, సొంత ఫిన్స్ ఒళ్ళో పెట్టుకుని ఒడ్డున కూచున్నాడు. దూరంగా నీళ్ళమీద రెండు గొట్టాలు పక్కపక్కన కదులుతున్నాయి. ఒక గొట్టం ఉండుండి పైకి లేచి నవ్వుతోంది. చేప కనపడినట్టుంది.

అతనికి మిగిలిన ఆశ ఒక్కటే, రబ్బరు టోపీ. అది చెవులు కప్పేస్తుంది. తనకి నీళ్ళలో క్లోయీ ఈల తప్ప ఏమీ వినపడలేదు. కానీ అప్పుడు తల నీళ్ళలో ఉంది. ఆవిడ తల బయట ఉంది. కానీ అల చప్పుడు ఉంది. కానీ తను అరిచినట్టే అన్నాడు, క్లోయీకి వినపడాలి కదా. ఇలా టోపీని అటూ ఇటూ తిప్పుతూ మధ్యాహ్నం దాకా గడిపాడు. చదువుకున్న బుర్ర, లెక్క తేలదు.

భోజనాల వేళ మీనాక్షి ఇనప పెట్టెలోంచి పులిహోర తీసి, పేపరు ప్లేట్లలో పెట్టి, మొదటి ప్లేటు తమ్ముడికి ఇచ్చింది. ఎప్పటిలాగే అతనికి వేరుశనగ పప్పులు ఏరి పైన వేసింది. జర్మన్లకి పెట్టింది, క్లోయీకి పెట్టింది. గ్లెన్‌కి కూడా తీసుకెళ్ళి ఇచ్చింది. ఆయన వాసన చూసి, విశ్వనాథం వైపు చూసి, తల వంచుకుని తిన్నాడు. విశ్వనాథం ఆ పప్పులు ఒక్కొక్కటే ప్లేటు అంచుకి జరిపాడు.

“అక్కా” అన్నాడు చివరికి. “ఆ టోపీ పెట్టుకుంటే ఏమన్నా వినపడుతుందా?”

మీనాక్షి ప్లేటు లోంచి కరివేపాకు తీసి పక్కన పెట్టుకుంది. “ఏం వినపడుతుందిరా. సముద్రం హోరు తప్ప.”

అతని గుండెల మీంచి ఏదో దిగింది. దిగింది పూర్తిగా దిగలేదు. వేద అతని వైపు చూడలేదు. పడవలో వస్తూ అతను ఏదడిగినా ఇంగ్లీషులో ఒక్కో మాట సమాధానం చెప్పింది.

కథ పుట్టింది ఆ సాయంత్రమే, ఫోన్లో గీతాంజలితో మాట్లాడుతూ. మీ వదిన ఏం చేసిందో తెలుసా, అని మొదలెట్టాడు. వేద చెప్పేకంటే ముందే తను చెప్పేస్తే మేలు. ఆ రోజు కథలో గుప్పెడు కుంకుమ, ఒక ఈల మాత్రమే ఉన్నాయి. బెంటన్‌విల్‌లో స్నేహితుల దగ్గరికి వచ్చేసరికి సొరచేప చేరింది. షామ్‌బర్గ్ చేరేసరికి హెలికాప్టరు లేచింది. జనం నవ్వేకొద్దీ అతనికి ఊపిరి ఆడుతున్నట్టుండేది. నవ్వు మధ్యలో ఇంకో ప్రశ్న ఎవరూ అడగరు. ‘అప్పుడు నువ్వెక్కడున్నావు’ అని ఎవరైనా అడుగుతారేమోనని, ఆ చోటులో ప్రతిసారీ ఒక సొరచేపని ఎక్కువ వేసేవాడు.

లేబర్ డే సెలవులకి విశ్వనాథం వాళ్ళు అరోరా వచ్చారు. మీనాక్షి ఇంటి పక్కవీధిలో బిందుమాధవి ఇంట్లో పోట్లక్. వంటింట్లో గట్టు మీద ట్రేలు, హాల్లో జనం, మోకాళ్ళ కింద దిండుతో వీరభద్రరావు. మీనాక్షి పెరుగన్నంలో దానిమ్మ గింజలు కలుపుతోంది. బిందుమాధవి ఫోన్లో వెట్‌సూట్ ఫోటో చూసి, విస్సు గారూ, ఈ సముద్రం సంగతి మీ నోటితోనే వినాలి, అంది.

విశ్వనాథం అక్క వైపు ఒకసారి చూశాడు. ఆవిడ ఉన్నచోట ప్రతిసారీ చూస్తాడు. ఆవిడ గింజలు కలుపుకుంటోంది. మొదలెట్టాడు. సముద్రం సిగ్గుపడింది, అలలు ఆగాయి, సొరచేపలు పోయాయి, హెలికాప్టరు మూడు చుట్లు తిరిగింది. వీరభద్రరావు మోకాళ్ళు మరిచిపోయి తొడ చరుచుకుని నవ్వాడు. హాలంతా ఊగిపోయింది. అప్పుడు బిందుమాధవి కళ్ళు తుడుచుకుంటూ, ఇన్ని ఊళ్ళలోనూ ఎవరూ అడగని మాట అడిగేసింది.

“మరి మీరేం చేశారండీ? ఆవిడ ఒక్కరే కదా అక్కడ, ఇంగ్లీషు కూడా అంతంత మాత్రం.”

 మూల సోఫాలో ఫోను చూసుకుంటున్న వేద తల ఎత్తింది. విశ్వనాథానికి సొరచేపలన్నీ అయిపోయాయి.

“నేనా? నేను ఊరుకుంటానా?” అన్నాడు. “నడుం లోతు నీళ్ళలోకి దిగాను. ఆ గైడు పిల్లకీ అక్కకీ మధ్యన నిలబడ్డాను. షీ ఈజ్ మై సిస్టర్, ఏమన్నా అనాలంటే నన్ను అను అన్నాను. అక్కడున్న తెల్లవాళ్ళందరి ముందూ.”

“అదీ. తమ్ముడంటే అలా ఉండాలి” అన్నాడు వీరభద్రరావు. ఎవరో చప్పట్లు కొట్టారు.

మీనాక్షి గరిటె గిన్నె అంచుకి ఆనించింది. కోపం లేదు, గొంతు పెంచలేదు. స్కూల్లో ఈ రోజు కూరేమిటో చెప్పినట్టు చెప్పింది.

“హెలికాప్టరు రాలేదు. సముద్రం ఆగలేదు. చిటికెడు వేద్దామనుకుంటే చేతులు కొంకర్లు పోయి భరిణె ఒలికింది. ఈవిడ మీ మనిషేనా అని ఆ పిల్ల వీణ్ణి అడిగింది. వీడు ఆవిడెవరో నాకు తెలీదన్నాడు. అంతే జరిగింది.”